తోవలు వేసినోళ్ళకు తోవ లేదా? జహీరాబాద్ తండా బాటల చరిత్ర



ఈసారి పోస్టు పెద్దగనే ఉంటది, తీరిక చూసుకొని చదవండి. విషయం మాత్రం చూడ్డానికి చిన్నది. తండా నుంచి ఊరికి, ఊరి నుంచి చెలకకు, చెలక నుంచి వాగుకు, స్మశానానికి పోయే కాలిబాటలు, బండ్ల బాటలు. రిజర్వేషన్ గురించి, పోడు పట్టాల గురించి మనం ఈ గ్రూపుల చాలా మాట్లాడుకున్నం. బాట గురించి మాట్లాడుకున్నది తక్కువ. కానీ బాట బంద్ అయితే భూమి ఉండి కూడా లేనట్టే. పట్టా చేతిలో ఉంటది, ట్రాక్టరు పోదు. చెరుకు పండుతది, లారీ రాదు. మనిషికి బాగలేకుంటే మంచం మీద మోసుకొని మెయిన్ రోడ్డు దాకా రావాలె.

జహీరాబాద్, మొగుడంపల్లి, న్యాల్‌కల్, ఝరాసంగం దిక్కు తండాల పిల్లలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు సిమెంటు కడీలు పాతి తీగ చుడతరు, "ఇది నా పట్టా" అంటరు. అడగబోతే "కాగితం చూపియ్యి" అంటరు. ఆ కాగితం మన దగ్గర ఎందుకు లేదు? జవాబు కావాలంటే చరిత్రలోకి పోవాలె.

1. లదేణి కాలం

మన పెద్దోళ్ళు "లదేణి" అనే మాట ఇంకా మరిచిపోలేదు. ఎద్దుల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరగడం. బండి పోలేని చోటికి కూడా ఎద్దు పోతది. అందుకే అప్పటి రాజ్యాలకు, సైన్యాలకు బంజారాల బిడారులే సరుకు రవాణా. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వర్తకుడు దారిలో ఒక తండాను చూసి, అందులో ధాన్యం మోసే ఎద్దులు 14,000 ఉన్నాయని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడా పదివేలు, పన్నెండువేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. అవి ఎదురైతే మొత్తం దాటిపోయేదాకా రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సి వచ్చేదట.

ఒక్కసారి మన జాగాను పటంలో చూడండి. ఇటు గోల్కొండ, అటు బీదర్, నడుమ జహీరాబాద్ నేల. 1657లో ఔరంగజేబు బీదర్ కోట పట్టుకున్నాడు, 1687లో గోల్కొండ పట్టుకున్నాడు. దక్కన్‌లో అంత పెద్ద మొగల్ సైన్యం ఏండ్ల తరబడి తిన్న తిండిలో ఎంతో భాగం బంజారా ఎద్దుల మీదనే వచ్చింది. వందేండ్ల తర్వాత 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికీ, 1803లో మరాఠాల మీదికి పోయిన వెల్లెస్లీ సైన్యానికీ గింజలు మోసింది మనోళ్ళే.

వేల గొడ్లు ఏటేటా ఒకే తోవలో నడిస్తే ఆ తోవే బాట అవుతది. ఎవరూ కంకర పోయలేదు, ఎవరూ టెండర్ పిలవలేదు. మేత దొరికే చోటు, నీళ్ళు దొరికే చోటు, వాగు లోతు లేని చోటు చూసుకొని ఆ తోవలు పడ్డయి. ఎక్కడ దిగాలె, ఎక్కడ దాటాలె అన్నది నాయక్‌కు తెలుసు. ఆ తెలివి కాగితం మీద లేదు, మనుషుల నోట్లో, ఎద్దుల కాళ్ళల్ల ఉండె. మన బలం అదే. తర్వాత మనల్ని దెబ్బతీసిందీ అదే.

2. రైలు వచ్చింది, తోవ పోయింది

19వ శతాబ్దంలో ఉప్పు వ్యాపారం కంపెనీ సర్కారు చేతిలోకి పోయింది. కంకర రోడ్లు పడ్డయి, బండ్లు పెరిగినయి. 1874లో హైదరాబాద్ వాడి జంక్షన్‌తో రైలు మీద కలిసింది. ఎద్దు నెల రోజులు మోసేది రైలు ఒక రోజుల మోసింది. 1930 ప్రాంతంలో వికారాబాద్ నుంచి బీదర్ లైను మన జహీరాబాద్ మీదుగనే పోయింది.

నిజాం రాజ్యంలో లంబాడాల గురించి పరిశోధన చేసిన చరిత్రకారుడు, మన బంగ్యా భుక్యా సార్, ఈ మార్పును వివరంగా చూపించారు. సరుకు మోసిన జాతి ముందు గొడ్లు సాదుకునే జాతి అయింది, తర్వాత కూలి, కౌలు, సేద్యం చేసుకునే జాతి అయింది. అదే కాలంలో సర్కారు మన నడకనే అనుమానంగా చూసింది. 1871లో బ్రిటిష్ ఇండియాలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, నిజాం రాజ్యంలో కూడా లంబాడాల మీద పోలీసు నిఘా పెట్టిండ్రు. నిన్నటిదాకా తోవ చూపించినోడు ఇయ్యాల తోవ మీద కనిపిస్తే ఆపి అడిగే కాలం వచ్చింది.

3. నక్షా గీసిన రోజు మనం ఎక్కడున్నం?

ఇది ఈ పోస్టుకు గుండెకాయ లాంటి ముచ్చట, కొంచెం నిదానంగా చదవండి.

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1870ల నుంచి, హైదరాబాద్ రాజ్యంలో బొంబాయి పద్ధతిలో భూముల సర్వే మొదలైంది. ప్రతి పొలానికి సర్వే నంబరు, ప్రతి మూలకు హద్దు రాయి, కొలతలకు టిప్పన్, వివరాలకు సేత్వార్, ఊరంతటికి ఒక నక్షా. ఆ నక్షాలో బండ్ల బాటను, కాలిబాటను వేరు వేరు చుక్కల గీతలతో చూపించేవాళ్ళు. అందుకే ఇప్పటికీ మన దిక్కు పెద్దోళ్ళు "అది నక్షా బాట" అంటరు. దాన్ని ఎవరూ కదిలించలేరని ఆ మాటకు అర్థం. కొన్ని ఊళ్ళల్ల పానాది అంటరు, ఆంధ్రలో డొంక, పుంత అంటరు.

ఇంకో ముఖ్యమైన మాట "పోట్ ఖరాబ్". సర్వే నంబరు లోపల బాటకో, వాగుకో, బండకో పోయిన జాగాను పోట్ ఖరాబ్ అని రాసి, దానికి శిస్తు లేకుండా తీసేసేవాళ్ళు. సాగుకు పనికిరాదని విడిచిన ఆ గుంటల్లో కొన్ని నిజానికి బాటలు. తర్వాత 1317 ఫస్లీ, అంటే 1907-08లో, హైదరాబాద్ భూమి శిస్తు చట్టం వచ్చింది. ప్రైవేటు మనుషుల ఆస్తి కాని రోడ్లు, సందులు, బాటలు, వాగులు, చెరువులు సర్కారువని దాని 24వ సెక్షన్ చెప్తది. అంటే నక్షాల ఉన్న బాటను దున్ని కలుపుకున్నోడు పక్క రైతు జాగాను కాదు, సర్కారు జాగాను కలుపుకున్నట్టు.

మరి మన తండా సంగతి? సర్వే వాళ్ళు గొలుసు పట్టుకొని కొలిచినప్పుడు ఊరు ఉంది, ఊరి బాట ఉంది. మన తండాలు చాలా వరకు ఆ తర్వాత నిలదొక్కుకున్నవే. నక్షా గీసిన తర్వాత కట్టుకున్న తండా నక్షాలో ఎట్ల ఉంటది? తండాయే లేనప్పుడు తండా బాట ఎట్ల ఉంటది? ఊరి పెద్ద రైతు పొలం అంచున మనకు తోవ ఇచ్చింది మాట మీద. అది మంచితనమో, కూలోళ్ళ అవసరమో గానీ కాగితం మాత్రం కాదు. ఆ రైతు పోయి కొడుకు వచ్చినంక, కొడుకు ఆ భూమిని పట్నపోళ్ళకు అమ్మినంక, ఆ మాట కూడా పోయింది.

దక్కన్‌లో ఎన్నో తోవలు వేసిన జాతికి తన ఇంటి తోవ నక్షాలో లేకపోవడానికి కారణం ఇదే.

4. బాట ఎవరు బాగుచేసేది?

పాత కాలంలో బాట బాగుండేది అని మురిసిపోయే ముందు, దాన్ని బాగుచేసింది ఎవరో అడగాలె. నిజాం కాలంలో ఊరి పనులు మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ చేతిలో ఉండేవి. మట్టి పోసేది, దొర బండికి, అధికారి బండికి తోవ సాపు చేసేది మాత్రం వెట్టి చేసేటోళ్ళు, కూలి లేకుండా. బాట అందరిది, చెమట కొందరిది.

ఏజెన్సీలో ఇదే ముచ్చట తిరుగుబాటు దాకా పోయింది. విశాఖ మన్యంలో గూడెం డిప్యూటీ తహశీల్దార్ బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు పనికి ఆదివాసులతో బలవంతంగా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం లేచిన కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. కాబట్టి "ఆదివాసులకు రోడ్డు వద్దా?" అని ఎవరన్నా అడిగితే జవాబు ఇది: రోడ్డు కావాలె, వెట్టి వద్దు. ఎక్కడ వేయాలో మమ్మల్ని అడగాలె, చేసిన పనికి కూలి ఇవ్వాలె.

పట్వారీ వ్యవస్థలో దౌర్జన్యం ఉంది, అది పోవాల్సిందే. 1984 జనవరిలో ఎన్టీఆర్ సర్కారు పటేల్ పట్వారీలను తీసేసింది. కానీ ఏ బాట ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తదో ఊళ్ళనే ఉండి తెలిసిన మనిషి కూడా వాళ్ళతో పోయిండు. తర్వాత వచ్చిన వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేసిండ్రు. నాలుగైదేండ్లు ఊరికి రెవెన్యూ మనిషే లేడు. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చిండ్రు. ఈ సందులోనే ఎన్ని బాటలు చెలకల్ల కలిసినయో ఎవరి ఊరి లెక్క వాళ్ళే తీయాలె.

మన జహీరాబాద్‌కు ఇంకో చిక్కు ఉంది. 1956 దాకా ఇది బీదర్ జిల్లాలో ఉండె. నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చింది, 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లాలోకి. మూడు జిల్లాలు మారిన ఊళ్ళు మనవి. నిజాం కాలం రికార్డు ఉర్దూలో ఉంటది. చదివేటోళ్ళు మనలో తక్కువ. హద్దు దాటితే మన చుట్టాలే కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు, మనం మాత్రం 1976 చట్టంతో ఎస్టీలం. బాట ఒకటే, నడిచే మనుషులు ఒకటే, పేర్లు మూడు.

5. లెక్కల్లో లేని తోవ

2000 డిసెంబర్ 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి, ఐదో షెడ్యూల్ ప్రాంతంలో 250 ఉన్న ఆవాసానికి రోడ్డు అని లెక్క పెట్టిండ్రు. జహీరాబాద్ షెడ్యూల్ ప్రాంతం కాదు. అంటే మన చిన్న తండాకు ఎస్టీ జనాభా ఉన్నా 500 లెక్కే. తర్వాత వేరే పథకాలతో చాలా తండాలకు తారు రోడ్డు వచ్చింది, కాదనను. కానీ అది తండా దాకే. తండా నుంచి చెలకకు పోయే బాట ఏ పథకంల రాలేదు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద కొన్ని ఊళ్ళల్ల ఆ బాటలకు మట్టి పోసిండ్రు. అది కూడా ఎక్కడ తీర్మానం చేసి అడిగితే అక్కడే.

2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలు అయినయి. "మా తండాల మా రాజ్యం" నినాదానికి అది పెద్ద గెలుపు. ఊళ్ళో ఉండే పబ్లిక్ బాటలు పంచాయతీకి చెందుతయని పంచాయతీరాజ్ చట్టం చెప్తది. కానీ ఇక్కడొక సందు ఉంది. తండా పంచాయతీ వేరైంది, చెలకలు పాత ఊరి శివారులో ఉండిపోయినయి. బాట సగం మన పంచాయతీలో, సగం వాళ్ళ పంచాయతీలో. వాన పడి తెగిపోతే "అది మీది" అని వాళ్ళు, "కాదు మీది" అని మనం. ఇద్దరిదీ అయిన బాట చివరికి ఎవరిదీ కాకుండా పోతది.

2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పాసుపుస్తకంలో ఎకరాలు, గుంటలు ఉన్నయి, పటం మాత్రం లేదు. పటం లేని కాగితంలో బాట ఎక్కడ కనిపిస్తది? 2025లో వచ్చిన భూ భారతి చట్టం సర్వే పటం కూడా జతచేయాలంటున్నది. ఇది మనకు వచ్చిన అవకాశం. అదే సమయంలో ప్రమాదం కూడా. కొత్త పటం గీసేటప్పుడు మన తోవ అందులో ఎక్కితే ఇంకో వందేండ్లు ఉంటది. ఎక్కకపోతే నిజాం నక్షాలో జరిగిందే మళ్ళా జరుగుతది. ఈసారి మాత్రం "అప్పుడు మేం లేము" అని చెప్పుకోలేం.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం అనుకున్న జాగా 12,635 ఎకరాలు. 2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్ ఇండస్ట్రియల్ సిటీకి కూడా ఒప్పుకున్నది. పరిశ్రమ మంచిదా కాదా అన్నది ఇంకో పోస్టు. బాట మాట వరకు చెప్తా. పట్టా ఉన్నోడికి ఎకరానికి ఇంత అని వస్తది. ఆ ఎకరాల నడుమ నుంచి బర్రెలు తోలుకొని పోయే తోవకు ధర ఉండదు. 2013 భూసేకరణ చట్టం మాత్రం సామాజిక ప్రభావ అంచనాలో రోడ్లు, మేత భూములు, గొడ్ల నీళ్ళు, స్మశానాలు అన్నీ చూడాలంటది. ఆ అంచనా సభ పెట్టిన రోజు మన చేతిలో బాటల జాబితా ఉంటేనే ఆ మాటకు బలం.

6. వేరే వాళ్ళు ఏం చేసుకున్నరు?

ఇంగ్లండ్ ముచ్చట వింటే ఆశ్చర్యం అనిపిస్తది. అక్కడ కూడా పెద్ద భూస్వాములు బాటలు మూసిండ్రు. 1932లో కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి వందల మంది మిల్లు కార్మికులు, యువకులు కావాలని గుంపుగా ఎక్కిండ్రు. కొందరు జైలుకు పోయిండ్రు. 1949లో చట్టం వచ్చింది. ప్రతి కౌంటీ కౌన్సిల్ తన పరిధిలోని పబ్లిక్ కాలిబాటలన్నీ సర్వే చేసి పటం తయారుచేయాలె. చిన్న ఊళ్ళ పారిష్ కౌన్సిళ్ళు, అంటే మన పంచాయతీల లాంటివి, నడిచి చూసి జాబితా ఇచ్చినయి. ఆ పటంలో ఎక్కిన బాట కోర్టులో తిరుగులేని సాక్ష్యం. ఇరవై ఏండ్లు జనం అడ్డు లేకుండా నడిస్తే అది పబ్లిక్ బాట అని లెక్కించే పద్ధతి కూడా ఉంది. రైతు బాట మీద దున్నుకోవచ్చు, కానీ మొదటిసారి దున్నిన 14 రోజుల్లో మళ్ళా సాపు చేయాలె. పొలం నడుమ కాలిబాట కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలె. ఇట్ల ఇంగ్లండ్, వేల్స్‌లో కాపాడుకున్న బాటలు రెండు లక్షల కిలోమీటర్ల పైనే.

అంత దూరం ఎందుకు, పక్కన మహారాష్ట్ర చూడండి. 1906 నాటి మామ్లత్‌దార్ కోర్టుల చట్టం కింద బాటకు అడ్డం పెడితే ఆరు నెలల లోపల తహశీల్దార్ దగ్గర దావా వేయొచ్చు. 1966 రెవెన్యూ కోడ్ 143వ సెక్షన్ కింద పొలాల హద్దు మీద నుంచి తోవ ఇప్పించే అధికారం తహశీల్దార్‌ది. 2021లో పాణంద్ బాటల కోసం ప్రత్యేక పథకమే పెట్టిండ్రు. పొలం బాటను ఏడు-పన్నెండు ఉతారలో రాయాలని 2025లో ఉత్తర్వు ఇచ్చిండ్రు. సరిహద్దు అవతల మన చుట్టాలకు ఉన్న దారి మనకు ఎందుకు ఉండొద్దు? ఈ డిమాండ్ మన విద్యార్థి సంఘాలు ఎత్తుకోవాల్సింది.

7. మనం చేయగలిగింది

సెలవులకు ఇంటికి పోయినప్పుడు చేయండి. పైసల ఖర్చు తక్కువ, నడక ఎక్కువ.

మొదలు, తండాల పెద్ద మనుషులను, బర్రెలు కాసే అవ్వలను వెంటపెట్టుకొని ప్రతి బాట నడవండి. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఎన్ని అడుగుల వెడల్పు, ఎన్నేండ్ల నుంచి నడుస్తున్నరు, ఇప్పుడు ఎక్కడ అడ్డం ఉంది, రాసుకోండి. ఫోన్‌లో తోవ రికార్డు చేయండి. తీజ్ బుట్టలు నిమజ్జనానికి తీసుకుపోయే తోవ, శీత్లా పండుగకు గొడ్లను దాటించే జాగా, స్మశానం తోవ ఇవి మరవొద్దు. మన పండుగలు కూడా ఆ బాటలకు సాక్ష్యమే.

తర్వాత, సర్వే భూ రికార్డుల ఆఫీసు నుంచి ఊరి నక్షా నకలు, అవసరమైన సర్వే నంబర్ల టిప్పన్, సేత్వార్ నకళ్ళు అడగండి. ఇవ్వకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. నక్షాలో ఉన్న బాటలు ఒక జాబితా, నక్షాలో లేక నడకలో ఉన్నవి ఇంకో జాబితా. రెండింటికి కొట్లాట వేరు. మొదటి దాంట్లో సర్కారు జాగా ఆక్రమణ అని అడగాలె. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అక్కడ పనికొస్తది. రెండో దాంట్లో పట్టాదారుతో మాట్లాడి రాయించుకోవాలె. అవసరమైతే గట్టు అంచుకు జరిపి, అతనికి నష్టం తక్కువ అయ్యేటట్టు చూడాలె. అతను కూడా చిన్న రైతే కావొచ్చు, కొన్నిసార్లు మనోడే కావొచ్చు. పోలీస్ స్టేషన్ కన్నా ముందు గట్టు మీద కూర్చొని మాట్లాడటం మంచిది.

మూడోది, తండా గ్రామసభ, పాత ఊరి గ్రామసభ రెండూ ఒకే తీర్మానం చేయాలె. "ఈ బాటలు ఇవి, ఇంత వెడల్పు, వాన కాలం ముందు, తర్వాత ఫలానా పంచాయతీ బాగుచేస్తది" అని. ఆ తీర్మానం నకలు తహశీల్దార్‌కు, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. అడవి ప్రాంతం తమ్ముళ్ళకు 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద గ్రామసభ సిఫారసుతో రోడ్డుకు ఒక హెక్టారు లోపు జాగా ఇచ్చే వీలుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి నరకొద్దని షరతు.

నాలుగోది చాలా మంది మరిచేది. బాట నడవాలె. నడవని బాట మీద తుమ్మ మొలుస్తది, తర్వాత కడీ మొలుస్తది. మన జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ డీడీఎస్ సంఘం అక్కలు ప్రతి సంక్రాంతికి ఎడ్లబండ్లు అలంకరించి పాత పంటల జాతర పేరుతో ఊరూరూ తిరుగుతరు. విత్తనం బతకాలంటే చేతులు మారాలని వాళ్ళకు తెలుసు. బాటకూ అదే సూత్రం. ఏడాదికి ఒక రోజు తండా యువకులంతా పార, గడ్డపార పట్టుకొని అన్ని బాటలు తిరగండి. గుంతలు పూడ్చండి, నీళ్ళు పోయే కాలువ తీయండి, ముండ్లు కొట్టండి. ఇది వెట్టి కాదు, మన హక్కును మనం చూసుకొచ్చే పని. ఆ రోజు ఫోటోలు, తేదీతో సహా, దాచిపెట్టండి. రేపు ఎవరన్నా కాగితం అడిగితే అవే మన కాగితం.

మీ తండాల బంద్ అయిన బాట ఉంటే, ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎప్పటి నుంచి అనేది కింద రాయండి. పట్టాదారు పేరు, ఎవరి ఫోన్ నంబరు పెట్టొద్దు. జహీరాబాద్ డివిజన్ అంతటికి ఒక జాబితా తయారైతే, కొత్త పటం గీసేటోళ్ళు వచ్చే సరికి అది మన చేతిల ఉంటది.